గోడ మీది నిద్ర

"నేను పడుకోను! చంపినా పడుకోను!"

మా మేనకోడలు వంటగదిలోంచి ఈ కేక పెట్టేసరికి నా చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. పొద్దున్నే, ఇంకా స్నానాలు కూడా కాకుండానే, ఒక మనిషి పడుకోనని పంతం పట్టడం, ఇంకో మనిషి పడుకోవే తల్లీ అని బతిమాలడం మీరెక్కడైనా చూశారా? మా ఇంట్లో చూడొచ్చు. టిక్కెట్టు లేదు.

"అరగంటే కదా. కళ్ళు మూసుకుని పడుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు అల్లుడు.

"చాపకి తెలుస్తుంది."

అదీ నిజమే. ఈ గొడవంతా ఆ చాపతోనే. మా పిల్ల పనిచేసే కొత్త కంపెనీ చేసేది ఆ ఒక్క వస్తువునే. నల్లగా, పలచగా, చివర ఒక తీగతో ఉంటుంది. పక్క దుప్పటి కింద పరుచుకుంటే మనిషి ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్నిసార్లు దొర్లాడు, గుండె ఎలా కొట్టుకుంది, అంతా ఒక గీతగా గీసి కంపెనీకి చేరేస్తుంది. ఊళ్ళోవాళ్ళకి అమ్మేముందు మనవాళ్ళ మీదే పరీక్ష అంటూ పనిచేసేవాళ్ళందరి ఇళ్ళకీ తలో చాప పంపించాడు బాసు. అక్కడితో ఆగినా బాగుండును. రోజూ పొద్దున్నే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఎవరి రాత్రి ఎలా గడిచిందో పైకి చదువుతాడు. నిద్ర చెడినవాడికి ఆ పగలు కూడా చెడిందన్నమాటే.

"రేపు మధ్యాహ్నం డబ్బు పెట్టేవాళ్ళంతా వస్తున్నారు," అంది మా పిల్ల. "నడి హాల్లో మంచం వేసి, నన్ను పడుకోబెట్టి, గోడ మీద గీత చూపిస్తాడట. మా కంపెనీలో అందరికంటే బాగా నిద్రపోయేది ఈవిడే అని. ఇన్నాళ్ళూ నిద్రపోయింది నేనా చెప్పండి!"

ఇద్దరూ నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల పక్కింటి గోడ. అది కూడా నావైపే చూస్తున్నట్టనిపించింది.

ఇందులో నా తప్పేమీ లేదని నేననను. కానీ ఆ పిల్లని అప్పుడు మీరు చూసుండాల్సింది. అసలే పిట్టంత మనిషి, నేను పిలిచేదీ పిట్టా అనే. పొద్దున బాసు ఏం చదువుతాడోనన్న భయానికి రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టలేదని పొద్దున తిడతాడు. తిట్టాడని మళ్ళీ రాత్రి పట్టదు. గానుగెద్దులా అలా తిరుగుతుంటే చూడలేక, "ఆ చాప ఇలా పడెయ్యవే, నేను పడుకుంటా" అన్నాను. చదువు నాకు అబ్బలేదు గానీ నిద్ర మాత్రం పుట్టుకతోనే వచ్చింది. మర్నాటి నుంచీ మా పిట్ట నిద్రకి కంపెనీలో చప్పట్లు.

ఈ సంగతి అల్లుడికి నిన్న సాయంత్రమే తెలిసింది. రేపటి పిలుపు గురించి చెబుతూ మా పిట్ట ఏడ్చేసరికి బయటపడింది.

"మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. కళ్ళద్దాల కొట్లో పని అతనిది. కోపం వస్తే అరవడు, కళ్ళజోడు తీసి తుడుస్తాడు. అప్పుడూ తుడుస్తున్నాడు. "ఈ దేశంలో మేమిద్దరం ఉంటున్నది తన ఉద్యోగం కాగితాల మీద. అవి పోతే నా ఉద్యోగం కూడా పోతుంది. పెట్టె సర్దుకోవడమే. ఇది మీకు తెలుసా?"

"తెలుసు అల్లుడుగారూ."

"తెలిసీ సరదాకి చేశారా?"

"సరదాకి కాదండీ," అంది మా పిల్ల గబుక్కున. "నా కోసం చేశాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. దాన్ని కట్టడానికి ముగ్గురిలో ఎవ్వరూ లేవలేదు. అల్లుడు అద్దాలు అటు తుడిచాడు, ఇటు తుడిచాడు. ఇంకాస్త తుడిస్తే వాటికి చిల్లు పడుతుందేమోనని నేనే నోరు విప్పాను.

"ఇంటివాళ్ళలో ఒకర్ని కూడా తీసుకురమ్మన్నాడటగా మీ తల్లీబాబు?"

తల్లీబాబు అంటే బాసు. కనిపించిన ఆడపిల్లనల్లా తల్లీ అంటాడు, మగాణ్ణి నాన్నా అంటాడు. మన భాషవాడే. మనవాడైతే మనల్ని బాగా చూసుకుంటాడనుకుని చేరింది మా పిల్ల. ఆ మాట గుర్తుచేస్తే ఇప్పుడు కొడుతుంది.

"అవును. నేను ఇంట్లో ఎలా నిద్రపోతానో రేపు స్టేజీ మీద ఒకరు చెప్పాలట. ఇవాళ వచ్చి ఆ చోటు చూసుకోమన్నాడు."

"అయితే చొక్కా మార్చుకొస్తా."

"మావయ్యా, నువ్వా!"

"నీ నిద్ర గురించి నాకంటే బాగా చెప్పగలిగేవాడు ఎవడే?"

అల్లుడికి నవ్వు వచ్చింది. వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. మళ్ళీ కళ్ళజోడు తీశాడు.

*

ఆఫీసంటే బల్లలూ కుర్చీలూ ఉంటాయనుకున్నాను. గుమ్మంలోనే చెప్పులు విప్పించారు. కంపెనీ అంటే ఇల్లట. ఇంట్లో చెప్పులేమిటట. ఆదివారాలు కూడా ఇంట్లోనే ఉండాలని దీని అర్థమని తర్వాత తెలిసింది.

తల్లీబాబు ఎదురొచ్చాడు. కుర్రాడే. నున్నటి గడ్డం, తెల్ల చొక్కా, చెవుల దాకా నవ్వు. ఒక్కటే వింతగా అనిపించింది. కళ్ళ కింద ఏదో పూసుకున్నాడు. మిగతా మొహం ఒక రంగు, అక్కడ ఇంకో రంగు. గోడకి చెమ్మ మచ్చ పడితే దాని మీద మాత్రమే సున్నం కొట్టినట్టు.

"రండి అంకుల్, రండి!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. తల నుంచి కాళ్ళ దాకా, మళ్ళీ కాళ్ళ నుంచి పొట్ట దాకా చూశాడు. సంతలో గొర్రెని చూసినట్టు. "మిమ్మల్ని చూడాలని చాలా రోజులుగా ఉంది అంకుల్."

నన్నెందుకు చూడాలని ఉంది? అప్పటికి అడగలేదు.

అందరూ గుండ్రంగా నిలబడ్డారు. చాలామంది మన భాషవాళ్ళే. చదవడం మొదలైంది. లెక్కలు చూసేవాయన దగ్గర ఆగాడు. పాపం, ఆయన నిలబడే కునుకు తీస్తున్నాడు.

"నాన్నా, నీ రాత్రి చూశావా?"

"పాపకి జ్వరం సార్."

"అయ్యో, పాపకి జ్వరమా." గొంతు వెన్నలా ఉంది. "మరి రేపు కంపెనీకి జ్వరం వస్తే ఎవరు మేలుకుంటారు నాన్నా? ఓపికంతా పాపకే ఖర్చు పెట్టేస్తే మాకేం మిగిలింది? రేపు నువ్వు స్టేజీ వైపు రాకు. నీ మొహం చూస్తే మన చాప ఎవరూ కొనరు."

ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. లెక్కలాయనా నవ్వాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే అది కూడా ఎక్కడో గీతగా పడుతుందని భయం కాబోలు.

"బాధపడకు. నేర్చుకో. నా రాత్రి చూడు," అని గోడ మీదికి చెయ్యి చూపించాడు.

గోడంతా ఒక పెద్ద తెర. దాని మీద పాములా పాకుతూ నీలం గీత. నిన్న రాత్రిదట. రోజూ ఆయన నిద్రే ఆ గోడ మీద ఉంటుంది. ఆఫీసు మొత్తానికి అదే ఆదర్శం. మెత్తమెత్తగా గుట్టలు, మధ్యలో లోయలు, చూస్తుంటేనే ఆవులింత వచ్చే నిద్ర. తెల్లవారబోయే చోట మాత్రం గీత ఉన్నట్టుండి నిట్టనిలువునా కిందికి పడింది. కాసేపు అక్కడే ఉంది. మళ్ళీ మెల్లగా పైకి పాకింది.

"ఆ దిగినది చూశారా? అది నేను నా లోపలికి దిగిన క్షణం. ఏళ్ళ సాధన," అన్నాడు.

అందరూ తలలూపారు. నేను మాత్రం ఊపలేదు. మెడ పట్టేసింది.

ఎందుకంటే, ఆ రోజు తెల్లవారుజామునే నేను మంచం మీంచి కింద పడ్డాను. కలలో ఎవరో నా గొడుగు పట్టుకుని పారిపోతుంటే, వాణ్ణి అందుకుందామని దూకాను. నడుము పట్టుకుని కాసేపు నేల మీదే కూర్చుని, మెల్లగా పైకెక్కాను. ధబ్బుమన్న చప్పుడుకి అల్లుడు పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు కూడా.

ఆయన దిగింది లోపలికేమో. నేను దిగింది నేల మీదికి.

నోరు తెరవబోయాను. మా పిట్ట నా జబ్బ మీద గిల్లిన గిల్లుడు ఇంకా కమిలే ఉంది.

*

"అందరి గీతలూ ఇంచుమించు అలాగే ఉంటాయి మావయ్యా," అంది బస్సులో.

"అందరూ మంచం మీంచి పడతారేమిటే?"

"ఆయనకి వేరే చాప ఉంది. ఆయన నిద్ర ఆయనది. నీకు ప్రతిదాంట్లో నువ్వే కనిపిస్తావు."

"కళ్ళ కింద ఆ సున్నం ఏమిటి మరి? హాయిగా నిద్రపోయేవాడికి దాంతో పనేమిటి?"

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కానీ దిగాల్సిన చోటు దాటిపోయినా గమనించలేదు. అంటే మాట బుర్రలో దిగిందన్నమాట.

ఇంట్లో అల్లుడు ఇదంతా విన్నాడు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. ఇంకా పైకి తోసుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అనుమానం కాదు మావయ్యగారూ. రుజువు కావాలి."

"రుజువా? ఇవాళ పడుకునే ముందు మడమతో చాప మీద తలుపు తట్టినట్టు తడతాను. మూడు చిన్నవి, ఒకటి గట్టిది. అలా తన్నుకుంటూ నిద్రపోయేవాడు భూప్రపంచంలో ఉండడు. రేపు ఆ తన్నులు గోడ మీద కనిపిస్తే ఆ నిద్ర ఎవరిది?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున్నుంచీ అదే మొదటిసారి.

"మూడు సరిపోతాయా?" అంది మా పిట్ట. "నాలుగు కొట్టు."

*

మర్నాడు అల్లుడు కూడా సెలవు పెట్టి మాతో వచ్చాడు. చెప్పులు విప్పాం. గుండ్రంగా నిలబడ్డారు. గోడ వెలిగింది.

"నిన్నటి నా రాత్రి," అన్నాడు తల్లీబాబు.

గీత మొదట్లోనే ముళ్ళు. నాలుగు పొట్టివి. ఒకటి పొడుగుది.

"అవేమిటి సార్?" అన్నాడు లెక్కలాయన. పాపం నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

తల్లీబాబు గోడ వంక చూశాడు. అంతకుముందు ఆయన కూడా ఆ గీతని చూసినట్టు లేదు. "అది... ఊపిరి బిగబట్టే సాధన నాన్నా. నీకు ఇప్పుడే అర్థం కాదులే."

అల్లుడు దగ్గు వచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మా పిట్ట నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దాని మొహం ఎర్రగా కందిపోయింది.

నీళ్ళ కుండీ దగ్గర ముగ్గురం చేరాం.

"నువ్వు చాప తీసుకోకముందు, నీకు నిద్ర చేతకాదని రోజూ అందరి ముందూ నన్ను ఏడిపించాడు మావయ్యా. అసలు ఆయనకే నిద్ర లేదు! నీది దొంగిలించి గోడకి వేలాడదీశాడు! ఇప్పుడే వెళ్ళి అడిగేస్తా."

"ఏమని అడుగుతావు?" అన్నాడు అల్లుడు. "ఆ నిద్ర మావయ్యగారిదని చెప్పాలంటే నాది కాదని ముందు నువ్వు ఒప్పుకోవాలి. ఆయన మునుగుతాడు. మునుగుతూ మన కాళ్ళు పట్టుకుంటాడు."

అదీ నిజమే. దొంగని పట్టుకోవడానికి దొంగే వెళ్ళినట్టుంది మా పరిస్థితి. మధ్యాహ్నం మంచం మీద పడుకుంటే భయం గోడెక్కుతుంది. పడుకోనంటే కాగితాలు పోతాయి.

"ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు," అన్నాను. "తిడితేనే కదా పేచీ? నేను పొగుడుతాను."

"ఎవర్ని?"

"మునగచెట్టు ఖాళీగా ఉందే. ఎక్కేవాణ్ణి ఎక్కిద్దాం. నేను మాట్లాడేది నువ్వు వాళ్ళ భాషలో చెప్పాలి. అంతే నీ పని."

*

హాలు నిండింది. నడుమ మంచం, దాని మీద తెల్ల దుప్పటి, దాని కింద చాప. ముందు వరసలో తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుంది. ఆవిడ తలూపితేనే మిగతావాళ్ళ జేబులు తెరుచుకుంటాయని అల్లుడు చెవిలో చెప్పాడు.

మా పిట్ట మంచం పక్కన నిలబడింది. దుప్పటి అంచు నలుపుతోంది. తల్లీబాబు నన్ను పైకి పిలిచి, "మీ అమ్మాయి నిద్ర గురించి నాలుగు ముక్కలు చెప్పండి అంకుల్" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను.

"మా పిల్ల నిద్ర గురించి చెప్పడానికేముందండీ? కోడికునుకు. అసలు నిద్ర చూడాలంటే ఈ అబ్బాయిగారిది చూడాలి. నిన్న చూశాను, ఇవాళ చూశాను. అబ్బో! గోడ మీద చూస్తేనే నాకు కళ్ళు మూతలు పడ్డాయి. గురువుగారు పక్కనే ఉండగా శిష్యురాలి చేత పాట పాడిస్తారా ఎక్కడైనా? ఆయన్ని పడుకోమనండి. మేమందరం చూసి తరిస్తాం."

డబ్బు పెట్టేవాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది మన భాషవాళ్ళకే. వాళ్ళలో ఒకడి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, అంగట్లో బొమ్మకి ఉన్నట్టు.

"ఇది చెప్పకు తల్లీ," అన్నాడు తల్లీబాబు. పెదాలు కదలకుండా, మన భాషలో, మెత్తగా. "మంచి నిద్ర, మంచి కుటుంబం అని చెప్పి మంచం ఎక్కు. నీ కాగితాలు గుర్తున్నాయి కదా?"

మా పిట్ట నావైపు చూడలేదు. అల్లుడి వైపు చూసింది. అతను కళ్ళజోడు తీశాడు. తుడవలేదు. మడిచి జేబులో పెట్టుకుని తలూపాడు.

మా పిట్ట నోరు తెరిచింది. వాళ్ళ భాష నాకు రాదు. కానీ ప్రతి ముక్కా చెప్పిందని తెలిసింది. కోడికునుకు దగ్గర జనం నవ్వారు. గురువు దగ్గర పెద్దావిడ చప్పట్లు కొట్టింది. మంచం వైపు వేలు చూపిస్తూ తల్లీబాబుని ఏదో అంది.

"ఏమంటోందే?"

"ఇంత మంచి నిద్ర ఉంచుకుని సిగ్గెందుకు, పడుకోండి అంటోంది."

తల్లీబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. దారి లేదు. తేలు కుట్టినా అరవలేని దొంగలా మంచం ఎక్కి కళ్ళు మూసుకున్నాడు.

గోడ వెలిగింది.

అది గీత కాదు. ముళ్ళకంప. పైకి, కిందికి, పైకి, కిందికి. గుట్టలు లేవు, లోయలు లేవు. నవ్వుతున్నవాళ్ళు నవ్వడం మానేశారు. పెద్దావిడ ముందుకి వంగింది. మొహం అంత ప్రశాంతంగా పెట్టిన మనిషి లోపల అంత గోల ఉంటుందని నేనూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే గెలిచినట్టు అనిపించలేదు.

మంచం మీంచి ఒక చెయ్యి లేచి నన్ను రమ్మని పిలిచింది. వంగాను.

"అంకుల్." కళ్ళు తెరవలేదు. గొంతులో వెన్న లేదు. "ఆ చాప బరువు కూడా చెప్తుంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజే తెలిసింది, ఆ మంచం మీద ఉన్నది మీ అమ్మాయి కాదని. ఆ మనిషెవరో చూద్దామనే ఇంటివాళ్ళని తీసుకురమ్మన్నాను."

నా పొట్ట దానంతటదే లోపలికి పోయింది. పోయి ఏం లాభం.

"మరి ఆ రోజే మా పిల్లని పనిలోంచి ఎందుకు తియ్యలేదు బాబూ?"

"తీసేస్తే ఆ నిద్ర పోతుంది కదా." నా మణికట్టు పట్టుకున్నాడు. అతని చెయ్యి మంచులా చల్లగా ఉంది. "రోజూ పొద్దున్నే మీ నిద్ర చూస్తూ కూర్చుంటాను. నేను పడుకుని ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. ఇవాళ కూడా మీ అమ్మాయిని పడుకోబెట్టి, గోడ మీద మీ పాత గీతే వేద్దామనుకున్నాను. మీరు ఎలా పడుకుంటారు అంకుల్? ఇప్పుడే చెప్పండి. ఈ గీత ఇలాగే ఉంటే నా కంపెనీ పోతుంది. నాతోపాటు మీ అమ్మాయి కూడా."

అప్పుడు పెద్దావిడ లేచి నిలబడింది. మా పిట్టని ఏదో అడిగింది.

"మావయ్యా," అంది మా పిట్ట. ఇప్పుడు నా కళ్ళలోకే చూస్తోంది. "ఆయన నీ చెవిలో ఏం చెప్పాడో ఆవిడ తెలుసుకోవాలంటోంది. నువ్వు ఏం చెప్తే అది ఉన్నదున్నట్టు చెప్తాను."

హాలంతా నావైపు చూసింది. మణికట్టు మీద ఆ చల్లటి చెయ్యి బిగిసింది.

గోడ మీద ముళ్ళకంప ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక్క ముల్లు కూడా లేవకుండా, గీత తిన్నగా సాగుతోంది.

ఊపిరి బిగబట్టాడు. ఈసారి నిజంగానే.